లెగ్ స్పిన్ మొదలుపెట్టేవాళ్లకి: పట్టు, మణికట్టు, లెంగ్త్

లెగ్ స్పిన్ అంటే మణికట్టుతో బంతిని తిప్పి, కుడిచేతి బ్యాటర్‌కి కాళ్ల వైపు నుంచి బయటికి మళ్లించే బౌలింగ్. బంతిని అరచేతిలోకి దూర్చకండి. చూపుడువేలు, మధ్యవేలు పై కణుపులు సీమ్‌కి (బంతి మీది కుట్టుకి) అడ్డంగా ఉండాలి. ఉంగరపువేలు మడిచి సీమ్‌కి ఆనించాలి. బంతిని తిప్పేది ప్రధానంగా ఆ వేలే. బొటనవేలు ఊరికే తాకితే చాలు. గట్టిగా పట్టుకుంటే మణికట్టు బిగుసుకుపోయి బంతి తిరగదు.

మొదట్లో రనప్ (పరుగెత్తుకొచ్చి వేయడం) వద్దు. పది గజాల దూరంలో ఒకరిని నిలబెట్టండి. ఉన్నచోటి నుంచే మణికట్టు లోపలికి మడిచి, వదిలేటప్పుడు విదిలించండి. సీమ్ ఊగిసలాడకుండా నిలకడగా తిరగడం మొదలయ్యాకే 22 గజాలకి (పూర్తి పిచ్ దూరానికి) వెళ్లండి.

బంతి పదేపదే షార్ట్‌గా పడుతోందంటే ఆలస్యంగా వదులుతున్నారు, లేదా ముందు చెయ్యి తొందరగా కిందికి పడిపోతోంది. ఫుల్‌టాస్ అవుతుంటే ముందే వదిలేస్తున్నారు. కొట్టించుకుంటామన్న భయంతో ఫ్లాట్‌గా మాత్రం వేయకండి. బ్యాటర్ కంటిమట్టానికి పైగా లేపితేనే డిప్ (బంతి చివర్లో హఠాత్తుగా కిందికి దిగడం) దొరుకుతుంది.

గూగ్లీకి (మామూలు లెగ్ స్పిన్ బంతిలాగే కనిపిస్తూ ఎదురువైపు తిరిగే బంతికి) తొందరపడొద్దు. అదే పనిగా వేస్తే భుజం పడిపోయి అసలు లెగ్‌బ్రేకే (మామూలు లెగ్ స్పిన్ బంతే) పోతుంది. పెద్దగా తిప్పలేకపోయినా దిగులు అక్కర్లేదు: అనిల్ కుంబ్లే వేగం, బౌన్స్, కచ్చితత్వమే బలంగా 619 టెస్టు వికెట్లు తీశాడు.

ఉంగరపువేలి చర్మం పగిలితే ఆ రోజుకి ఆపేయండి. నొప్పితో వేస్తే పట్టు మారిపోతుంది, దాన్ని సరిచేసుకోవడం చాలా కష్టం.