పాత ఫ్రెంచి బల్ల గడియారం ఆగితే, తప్పు గంటలు కొడితే

19వ శతాబ్దపు పారిస్ గడియారాల్లో ఎక్కువవాటి లోపల గుండ్రటి ఇత్తడి యంత్రం, దానికి పొట్టి లోలకం ఉంటాయి. ఆగిపోయిన ప్రతిదానికీ స్ప్రింగు పోయిందనే అనుకుంటారు. ముందు ఇవి చూడండి.

చోటు మార్చాక కాసేపు ఆడి ఆగిపోతోంది
చప్పుడు వినండి. టిక్‌కీ టాక్‌కీ మధ్య ఎడం సమంగా లేక కుంటుతుంటే, గడియారం లోలకానికి సరిపడేట్టు నిలబడలేదన్నమాట. ఒక పక్క కాగితం మడిచి పెట్టి, చప్పుడు సమం అయ్యేదాకా సర్దండి. మళ్లీ ఎక్కడికి తీసుకెళ్లినా ముందు లోలకం తీసేయాలి.

కీ ఇచ్చాకే ఆగుతోంది, 12 అంకె పక్కకు ఒరిగింది
ఇది చాలామందికి తట్టదు. డయల్, యంత్రం కలిపి వెనకనుంచి రెండు పొడవాటి స్క్రూలతో బిగించి ఉంటాయి. అవి వదులైతే కీతోపాటు యంత్రమంతా తిరుగుతుంది. 12ని నిటారుగా పెట్టి, వెనక స్క్రూలు బిగించండి. అంతే.

ముందుకో వెనక్కో పోతోంది
12 దగ్గర చిన్న రంధ్రం ఉందా? కీకి ఉన్న సన్నటి కొసను అందులో పెట్టి తిప్పాలి. పక్కన ఉండే A అంటే త్వరగా, R అంటే నెమ్మదిగా. ఇంకా పాతవాటిలో లోలకం పట్టుదారానికి వేలాడుతుంది. తేమకు దారం పొడవు మారుతుంది కాబట్టి వానాకాలంలో టైమ్ తప్పితే కంగారు పడొద్దు.

రోజుకు అరగంట తేడా వస్తుంటే మాత్రం లోలకం మారిపోయిందేమో చూడాలి. యంత్రం వెనక పలకమీద కొట్టిన నంబరు చాలాసార్లు లోలకంమీద కూడా ఉంటుంది. పక్కనే 5 4 లాంటి అంకెలు కనిపిస్తే అది లోలకం పొడవు, పాత ఫ్రెంచి కొలతలో: 5 పూస్‌లు, 4 లిన్యలు. అంటే సుమారు 144 మిల్లీమీటర్లు. పనివాడు వదిలి వెళ్లిన చీటీ అనుకోండి!

మూడైతే అయిదు కొడుతోంది
గాట్లున్న చక్రం గంటలు లెక్కపెట్టే రకమైతే ముల్లు ఎక్కడుందో దానికి తెలియదు. గంట పూర్తయినప్పుడు ఎన్ని కొట్టిందో లెక్కపెట్టి, చిన్నముల్లును మాత్రమే ఆ అంకెమీదికి మెల్లగా తిప్పండి. తర్వాత పెద్దముల్లును ముందుకే జరపండి, ప్రతి గంటా అరగంటా కొట్టనిస్తూ.

బంగారు పూత మాసింది
చింతపండూ వద్దు, ఇత్తడి తోమే పొడీ వద్దు. మంచి గడియారాల్లో కంచుమీద బంగారాన్ని పాదరసంలో కలిపి పూసి, వేడిచేసి పాదరసాన్ని ఆవిరి చేసేవారు. ఆ పొగకు పనివాళ్లు జబ్బుపడ్డారు. ఆ పూత రుద్దితే పోతుంది, తిరిగి రాదు. పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి వదిలేయండి. యంత్రంలో కొబ్బరినూనె కూడా పోయొద్దు, జిగురుకడుతుంది.