సీబీసీటీలో శ్వాసమార్గం చూసేముందు మెడ చూడండి

పళ్ల కోసం తీసిన సీబీసీటీలో (తల చుట్టూ తిరిగి దవడలను మూడు కొలతల్లో చూపే ఎక్స్‌రే స్కాన్) ముక్కు వెనక నుంచి నాలుక మొదలు దాకా గాలి పోయే దారి కూడా చాలాసార్లు పడుతుంది. దాన్ని చదవడానికి వచ్చిన జూనియర్లకు నేను మొదట నేర్పేది పేషెంట్‌ను కూర్చోబెట్టడం.

తల నిటారుగా, చూపు ఎదురుగా ఉండాలి. పళ్లు కలిపి, నాలుక కొస అంగిలికి ఆనించి, ముక్కుతో మెల్లగా ఊపిరి తీసుకోమనండి. "ఒకసారి గుటక వేయండి, మళ్లీ నేను చెప్పేదాకా వేయకండి" అని అప్పుడు బటన్ నొక్కండి. చాలా మెషిన్లలో స్కాన్ 10 నుంచి 20 సెకన్లే. అయినా టెన్షన్‌లో ఉన్నవాళ్లకు సరిగ్గా అప్పుడే గుటక పడుతుంది. నాలుక కింది హయాయిడ్ ఎముక అంచు రెండు గీతలుగా కనిపిస్తే కదిలారన్నమాట. ఆ స్కాన్ మీద కొలతలు వేయొద్దు.

ఒక అబ్బాయి స్కాన్లు, చికిత్సకు ముందువీ తర్వాతవీ, పక్కపక్కన పెట్టి దారి వెడల్పయిందని వాళ్లమ్మకు సంతోషంగా చెప్పాను. ఆవిడ వెళ్లాక మళ్లీ చూస్తే రెండో దాంట్లో గడ్డం పైకెత్తి ఉంది, మెడ ఎముకల వంపే మారిపోయింది. తల వెనక్కి వాల్చినా గొంతు దారి తెరుచుకుంటుంది. మర్నాడు ఫోన్ చేసి నా మాట వెనక్కి తీసుకున్నాను. అప్పటినుంచి రెండు స్కాన్లు పోల్చేముందు మెడ వెన్నుపూసలు చూస్తాను.

ఇక కొలత. మధ్య నిలువు స్లైస్‌లో గట్టి అంగిలి వెనక కొస నుంచి ఎపిగ్లాటిస్ (ఊపిరి గొట్టం మీది మూత) దాకా హద్దులు పెట్టుకోండి. కింది హద్దు స్కాన్‌లో పడకపోతే వాల్యూమ్ చెప్పకండి. అడినాయిడ్స్ (ముక్కు వెనక, గొంతు పైభాగంలోని కండ), కొండనాలుక వెనక భాగం ముందు కంటితో చూసి, అడ్డ స్లైసులు ఒక్కొక్కటిగా దిగుతూ అన్నిటికన్నా ఇరుకైన చోటు పట్టుకోండి. మొత్తం వాల్యూమ్ కన్నా ఆ చోటి వైశాల్యం, అది ఏ ఎత్తులో ఉందన్నది నాకు ముఖ్యం. థ్రెషోల్డ్, అంటే ఎంత నలుపు దాకా గాలిగా లెక్కించాలని సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే హద్దు, కాస్త జరిపితే చాలు, వాల్యూమ్ మారిపోతుంది. వాడిన విలువ రిపోర్ట్‌లో రాసి, తర్వాతి స్కాన్‌కీ అదే పెట్టండి.

సాఫ్ట్‌వేర్ ఇరుకు చోటుకు వేసే ఎర్ర రంగు చూపించి "మీకు స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉంది" అని మాత్రం అనకండి. అది మెలకువగా కూర్చున్న మనిషి గొంతు. పడుకుని నిద్రపోయాక కండరాలు వదులవుతాయి, దారి తీరు మారుతుంది. గురక, పగటిపూట నిద్రమత్తు ఉన్నాయంటే నిద్ర వైద్యుల దగ్గరికి పంపండి, స్లీప్ స్టడీతోనే (నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష) అప్నియా ఉందో లేదో తేలుతుంది. ముఖ్యంగా పిల్లలకు, కేవలం ఈ కొలత కోసం రేడియేషన్ ఇవ్వకండి. వేరే అవసరానికి తీసింది ఉంటే దాన్నే తెరవండి.