కణితికి సూదితో, క్యాథెటర్‌తో చికిత్స: ప్రభుత్వ వైద్య వ్యవస్థలో ఆ విభాగం దాకా చేరడం ఎలా

కాలేయంలో కణితి ఉందని, ఆపరేషన్ కుదరదని తెలిసిన రోజున చాలా కుటుంబాలు ఇక మిగిలింది కీమోనే అనుకుంటాయి. ఇంకో దారి ఉండొచ్చు. కణితిలోకి సూది దించి వేడితోనో అతిశీతలంతోనో దాన్ని చంపడం అబ్లేషన్. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోకి సన్నని గొట్టం పంపి, కణితికి రక్తం అందే చోటే మందు వదిలి ఆ దారి మూసేయడం కీమో ఎంబోలైజేషన్. ఇవి చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. ప్రభుత్వ వ్యవస్థలో వారి అపాయింట్‌మెంట్ సాధారణంగా నేరుగా దొరకదు. అన్ని విభాగాల డాక్టర్లు కలిసి కేసు చూసే ట్యూమర్ బోర్డు పంపాలి. అంటే మనిషి కంటే ముందు ఫైలు వెళ్తుంది. ఫైలు సరిగా లేకపోతే చికిత్స చేయదగ్గ కణితి కూడా వెనకబడుతుంది.

ముందుగా కణితి కొలతలు తెలుసుకోండి. కాలేయంలోనే పుట్టిన క్యాన్సర్ అయితే ఒకటి నుంచి మూడు కణితులు, ఒక్కోటి 3 సెం.మీ. లోపు ఉంటే అబ్లేషన్ గురించి అడగాల్సిందే. మూత్రపిండంలో 4 సెం.మీ. లోపు కణితికీ ఈ మాట వర్తిస్తుంది. కణితులు అంతకన్నా పెద్దవైనా, ఎక్కువున్నా, కాలేయం పనితీరు బాగుండి పోర్టల్ సిర (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే నాళం) తెరిచి ఉంటే ఎంబోలైజేషన్ చర్చకు వస్తుంది.

ఎక్కువ ఆలస్యం జరిగేది స్కాన్ దగ్గరే. కాలేయానికి మామూలు సీటీ చాలదు. కాంట్రాస్ట్ (స్కాన్‌లో రక్తనాళాలు, కణితి స్పష్టంగా కనబడేలా ఎక్కించే మందు) ఎక్కించాక ధమని దశ, పోర్టల్ సిర దశ, ఆలస్య దశ మూడూ తీసిన సీటీ గానీ, కాంట్రాస్ట్ ఎంఆర్ఐ గానీ కావాలి. కాలేయ క్యాన్సర్ ధమని దశలో వెలిగి, తర్వాతి దశల్లో మసకబారుతుంది. ఒకే దశలో తీసిన స్కాన్‌లో ఆ తేడా కనబడదు, బోర్డు ‘మళ్లీ తీయించండి’ అని తిప్పి పంపుతుంది. స్కాన్ రాసేటప్పుడే ‘మూడు దశలదేనా?’ అని అడగండి. రిపోర్టు కాగితం, ఫిల్ములు సరిపోవు. డైకామ్ (స్కాన్ యంత్రం ఇచ్చే కంప్యూటర్ ఫైలు) రూపంలో అసలు చిత్రాలు సీడీలో తీసుకుని, అది తెరుచుకుంటుందో లేదో అక్కడే చూసుకోండి. నెలన్నర దాటిన స్కాన్ ఉంటే కొత్తది అడిగే అవకాశం ఎక్కువ. దాంతోపాటు బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష), ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ తాజా ఫలితాలు, బయాప్సీ చేసి ఉంటే దాని రిపోర్టు, వాడుతున్న మందుల జాబితా పెట్టండి. రోగి తన పనులు తాను చేసుకోగలరా, రోజులో ఎంతసేపు మంచం మీద ఉంటారు అన్నది డాక్టరు చేత రాయించండి. ఆ ఒక్క వాక్యం లేకే చాలా కేసులు వాయిదా పడతాయి.

తర్వాత అడగాల్సింది ఒక్కటే: బోర్డులో ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు ఉన్నారా? వారు లేని చోట ఈ చికిత్స ప్రస్తావనే రాకపోవచ్చు. నోటిమాటతో వదలకుండా ఇలా రాసివ్వండి: ‘ఈ కణితికి అబ్లేషన్ లేదా ఎంబోలైజేషన్ వీలవుతుందా అన్నది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు చిత్రాలు చూసి అభిప్రాయం రాయాలని కోరుతున్నాం.’ ఆ ఆసుపత్రిలో సౌకర్యం లేకపోతే ఏ కేంద్రానికి పంపుతారు, ఎవరు పంపుతారు, ఏ తేదీన పంపారు, ఖర్చుకు ముందస్తు అనుమతి కావాలా అన్నవి రాసుకోండి. వారం తర్వాత ఫైలు చేరిందో లేదో అవతలి కేంద్రానికే ఫోన్ చేసి కనుక్కోండి. పంపడం వేరు, చేరడం వేరు.

‘కుదరదు’ అంటే కారణం అడగండి. పెద్ద రక్తనాళం పక్కనుంటే పారే రక్తం వేడిని లాగేస్తుంది. వేడితో చేసే అబ్లేషన్ పద్ధతుల్లో రేడియోఫ్రీక్వెన్సీకి ఇది పెద్ద ఇబ్బంది, మైక్రోవేవ్‌కు తక్కువ. పేగుకు ఆనుకుని ఉంటే మధ్యలో ద్రవం ఎక్కించి పేగును పక్కకు జరపవచ్చు. ఇలాంటి కారణాలైతే అదే ఫైలుతో పెద్ద కేంద్రంలో రెండో అభిప్రాయం తీసుకోవడం న్యాయమే. కామెర్లు ముదిరి, పొట్టలో నీరు తగ్గకుండా ఉంటే మాత్రం చికిత్సే కాలేయాన్ని కూల్చేస్తుంది. అక్కడ పట్టుబట్టకండి.

తేదీ వచ్చాక రెండు విషయాలు దాచకూడదు. రక్తం పలుచబరిచే మందులు: క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ సాధారణంగా 5 రోజుల ముందు ఆపిస్తారు, కానీ గుండెలో స్టెంటు ఉన్నవాళ్లు సొంతంగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. రెండోది, గతంలో పిత్తనాళంలో స్టెంటు వేయడం గానీ, దాన్ని పేగుకు కలిపే ఆపరేషన్ గానీ జరిగి ఉండటం. అలాంటివారికి చికిత్స తర్వాత కాలేయంలో చీము పట్టే ప్రమాదం చాలా ఎక్కువ, యాంటీబయాటిక్ ఏర్పాటు మారుతుంది. యిట్రియం-90 చికిత్సకైతే (రేడియోధార్మిక కణాలను ధమని ద్వారా కణితిలోకి పంపే పద్ధతి) ముందు ఒక పరీక్షా యాంజియోగ్రామ్ చేసి, కణాలు ఊపిరితిత్తులకు ఎంత జారతాయో కొలుస్తారు. ఆ మందు సగం శక్తి 64 గంటల్లో తరిగిపోతుంది, రోగి పేరు మీదే తెప్పిస్తారు. ఆ రోజు వెళ్లకపోతే అది వృథానే.

ఎంబోలైజేషన్ తర్వాత కొన్ని రోజులు జ్వరం, కుడివైపు నొప్పి, వికారం మామూలే. వారం దాటినా జ్వరం తగ్గకపోయినా, ఎప్పుడైనా చలితో వణుకొచ్చినా వెంటనే వెళ్లాలి. డిశ్చార్జి రోజునే రాత్రివేళ ఫోన్ చేయాల్సిన నంబరు, నెల తర్వాత తీయాల్సిన స్కాన్ తేదీ రాయించుకోండి. అబ్లేషన్ తర్వాతి తొలి స్కాన్‌లో మచ్చ ముందున్న కణితి కంటే పెద్దగా కనబడుతుంది. కణితి చుట్టూ కనీసం 5 నుంచి 10 మి.మీ. మేర కావాలనే చంపుతారు కాబట్టి అది సహజం. చూడాల్సింది పరిమాణం కాదు, ధమని దశలో ఆ మచ్చ అంచున ఏమైనా ఇంకా వెలుగుతోందా అన్నది.