సాంచా (మరమగ్గం) ఆగినవాళ్లకు పని – 3వ పాఠం: ఒక సంచిని ఏడు పనులుగా విడదీయడం

సాంచాలు ఆగి ఖాళీ అయినవాళ్ల చేత గుడ్డ సంచులు కుట్టించాలనుకునేవాళ్లకు ఈ పాఠాలు. పోయిన పాఠంలో మీ ఊరి కిరాణా కొట్లు, స్వీట్ షాపులు తిరిగి, ఎవరు నెలకు ఎన్ని గుడ్డ సంచులు కొంటారో రాసుకొమ్మన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. కనీసం ఒక ఆర్డరైనా ఖాయం కాకపోతే ఈ పాఠం ఇప్పుడే వద్దు. ముందు ట్రైనింగ్ ఇచ్చేసి తర్వాత పని వెతుకుదామనే పద్ధతి మీద నాకు నమ్మకం పోయింది.

మొదటిసారి నేనూ అదే చేశాను. సిరిసిల్లలో సాంచాలు ఆగి ఇంట్లో కూర్చున్న ఐదుగురికి మూడు నెలల పాటు సంచి మొత్తం కుట్టడం నేర్పాను. ఇద్దరికి చేయి తిరిగింది. ముగ్గురు విసిగిపోయి, మహారాష్ట్రలో మరమగ్గాలుండే భీవండికి బస్సెక్కారు. యాభై దాటి, చత్వారం వచ్చి, పదిహేనేళ్ల వయసు నుంచీ మరమగ్గం దగ్గర నిలబడే పని చేసిన మనిషిని కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టి దర్జీని చేయాలనుకోవడం నా తెలివితక్కువ. అదే మనిషి పోగు తెగితే సాంచా చప్పుడును బట్టే పసిగడతాడు. ఆ నేర్పుకి తగిన పనేదో నేను వెతకలేదు.

2017 నుంచి ప్రభుత్వం ఇచ్చిన బతుకమ్మ చీరల ఆర్డరుతో సాంచాలు ఆడాయి. 2024లో అది ఆగేసరికి సాంచాలున్న ఆసాములూ, వాటి మీద పనిచేసే కూలీలూ ఒకేసారి ఖాళీ అయ్యారు. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది, మంచిదే. కానీ కొనేవాడు ఒక్కడే అయితే ఏమవుతుందో అందరూ చూశారు కదా. అందుకే చిన్న కొట్లు తిరగమన్నది.

ఇక పనిలోకి వద్దాం. బీడీలు చేసే ఇల్లు గుర్తు తెచ్చుకోండి. ఒకరు ఆకు కత్తిరిస్తారు, ఒకరు చుడతారు, ముసలమ్మ కట్టలు కడుతుంది. పనిని విడదీయడమంటే అంతే. సంచినీ అలాగే విప్పుదాం.

అలవాటున్న మనిషి చేత ఒక సంచి కుట్టించి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక్కో పనీ విడిగా కొలవండి. ఒకసారి కొలిస్తే చాలదు, పది సంచులు కొలిచి సగటు తీయండి. లెక్క కోసం ఇలా వచ్చాయనుకుందాం: కటింగ్ 10 సెకన్లు, మూతి మడిచి కుట్టడం 40, పట్టీలు (సంచి పట్టుకునే పిడులు) తయారీ 50, పట్టీలు అతికి కుట్టడం 60, పక్క కుట్లు 45, తిరగేసి మూలలు తీయడం 15, దారాలు కత్తిరించడం 20. మొత్తం 240 సెకన్లు, అంటే సంచికి నాలుగు నిమిషాలు.

ఐదుగురున్నారు. కటింగ్, తిరగేయడం, దారాలు ఒకరికి ఇవ్వండి: 45 సెకన్లు. మిగతా నాలుగు పనులు నలుగురికి. ఇప్పుడు చూడండి, పట్టీలు అతికే చోట 60 సెకన్లు పడుతోంది. మిగతావాళ్లు ఎంత వేగంగా చేసినా గంటకు 60 సంచులే బయటికొస్తాయి. సంచులు కుప్పపడేది ఆ మిషన్ ముందే.

చాలామంది ఇక్కడే ఆ మనిషిని తొందరపెడతారు. అలా చేయకండి, టెన్షన్‌లో కుట్టు వంకర పోతుంది. ఆ 60 సెకన్లలో ఏముందో చూడండి. పట్టీ ఎక్కడ పెట్టాలో సుద్దతో గీసుకోవడానికే 8 సెకన్లు పోతోంది. మూతి కుట్టే మనిషికి 40 సెకన్ల పనే ఉంది కాబట్టి ఆ గీత వాళ్లకివ్వండి. అక్కడ 48 అవుతుంది, ఇక్కడ 52కి తగ్గుతుంది. గంటకు 69 సంచులు. కొత్త మిషన్ కొనలేదు, ఎవరి మీదా అరవలేదు.

ఐదుగురూ పూర్తి దర్జీలైతే గంటకు 75 వచ్చేవి, నిజమే. అలాంటి ఐదుగురు మీకు దొరకరు. ఈ పద్ధతిలో బాగా నేర్పున్న చేయి కావాల్సింది పట్టీల దగ్గర ఒక్కరికే. తిన్నగా కుట్టడం పది రోజుల్లో వస్తుంది. ఆరో మనిషిగా కళ్లు ఆనని పెద్దమనిషి ఉంటే ఆయనకి తిరగేయడం, లెక్కపెట్టి యాభైల కట్టలు కట్టడం ఇవ్వొచ్చు. దారాలు మాత్రం చూపున్నవాళ్లకే. చెడిన సంచి కొట్టుదాకా పోకుండా ఆగాల్సింది అక్కడే.

ఏడు గంటల పనికి రోజుకు 483 అని కొట్టువాళ్లకు మాటివ్వకండి. మొదటి వారం సగం వస్తే సంతోషించండి, దాన్ని బట్టే తేదీ చెప్పండి.

గుడ్డ విషయంలో ఒక మాట. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం కాబట్టి గిరాకీ ఉంది. అయితే కొందరు చవక అని, నేయకుండా తయారుచేసే నాన్‌వోవెన్ తెచ్చిస్తారు. చూడ్డానికి గుడ్డలాగే ఉంటుంది గానీ అదీ ప్లాస్టిక్కే.

ఈ వారం పని: పది సంచులు కుట్టించి మీ సొంత సెకన్లు రాయండి, నా అంకెలు వాడొద్దు. ఎక్కువ సమయం పట్టే పని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే కూలి పంచుతాం. ‘తిరగేసేవాడికీ కుట్టేవాడికీ ఒకటే కూలా?’ అనే గొడవ ఈలోపే మొదలవుతుంది. మొదటి నెల సమానంగా పంచండి, మిగతాది అప్పుడు చూద్దాం.