పాత బండికి డైనమో మార్చడం: మా 800 నేర్పిన పని

మా నాన్నగారి 2004 మోడల్ మారుతీ 800 ఇప్పుడు నా దగ్గరుంది. విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, స్తంభానికీ పక్క ఫ్లాటు వాళ్ల పెద్ద బండికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. పదిహేనేళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా చేయించాను. "ఇంకా ఎందుకమ్మా, అమ్మేయరాదూ" అనని చుట్టం లేడు. అమ్మను. కానీ పాత బండి ఉంచుకోవాలంటే దాని రోగాలు మనకి తెలియాలి. ఈసారి వచ్చిన రోగం ఆల్టర్నేటర్‌ది.

ఆటోనగర్‌లో ఆల్టర్నేటర్ అని అడిగితే ఒక క్షణం ఆగి "డైనమోనా మేడమ్?" అంటారు. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. డైనమో డీసీ, ఇది ఏసీ పుట్టించి డయోడ్లతో డీసీగా మార్చేది, రెండూ ఒకటి కాదని సరిచేయాలని నాలుక దురద పెడుతుంది. సరిచేయను. ఇక్కడా డైనమో అనే రాస్తాను.

కిందటి డిసెంబరులో గుంటూరులో ఒక పెళ్లి రిసెప్షన్‌కి వెళ్లి తిరిగి వస్తున్నాం. కాజ టోల్‌గేటు దాటేసరికి హెడ్‌లైట్లు పసుపు రంగుకి తిరిగాయి. హారన్ కొడితే జలుబు చేసినట్టు మూలిగింది. ఫ్యాను, పాటలు అన్నీ ఆపేసి, కనకదుర్గ వారధి మీద లారీ వెనకాల దాని వెలుతురులో నడుపుకుంటూ ఇల్లు చేరాం. పొద్దున సెల్ఫ్ కొడితే టిక్ అని ఒక్క చప్పుడు. బ్యాటరీ షాపులో చూపిస్తే "బ్యాటరీ పోయింది" అన్నారు. కొత్తది వేయించాను, నాలుగు వేల పైమాటే. మూడు వారాలకి ఆ కొత్తది కూడా పడుకుంది. అంటే బ్యాటరీ నీళ్ల ట్యాంకైతే, దాన్ని నింపాల్సిన మోటారే ఆడటం లేదు. నేను ట్యాంకు మార్చి కూర్చున్నాను.

అందుకే డైనమో కొనడానికి బయల్దేరే ముందు మూడు నాలుగు వందలు పెట్టి ఒక మల్టీమీటర్ కొనండి. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు బ్యాటరీ పాజిటివ్‌కి, నల్ల వైరు నెగెటివ్‌కి ఆనించండి. రాత్రంతా నిలబడి ఉన్న బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేశాక అది 13.8కీ 14.5కీ మధ్యకి ఎక్కాలి. మా బండిలో 12.1 దగ్గరే ఉండి, ఒక్కో పాయింటే దిగుతూ పోయింది. ఇంకేం, ఛార్జింగ్ లేదన్నమాట. 15 దాటితే అది ఇంకో జబ్బు, కటౌట్ పాడై ఎక్కువ కరెంటు తోస్తోంది. బ్యాటరీ నీళ్లు మరిగిపోతాయి, బల్బులు వరసగా మాడిపోతాయి. కటౌట్ అంటే వోల్టేజ్ రెగ్యులేటర్.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. బండి ఆడుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, ఇంజిన్ ఆగకపోతే డైనమో మంచిదే అని తేల్చే పద్ధతి ఇంకా నడుస్తోంది. పాత అంబాసిడర్ల రోజుల్లో చెల్లిందేమో. బ్యాటరీ తీసేయగానే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసి డైనమోలోని డయోడ్లని, ఇంజిన్ కంప్యూటర్‌ని కాల్చేయగలదు. నా కళ్లముందే ఒక మెకానిక్ పానా తీసుకుని అటు నడిచాడు. చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

ఛార్జింగ్ లేదని తేలినా డైనమోనే దోషి అనుకోవద్దు. ముందు బెల్టు చూడండి. 800లో ఇదే బెల్టు నీళ్ల పంపునీ తిప్పుతుంది, కాబట్టి అది తెగితే ఛార్జింగ్ పోవడమే కాదు, ఇంజిన్ కూడా వేడెక్కిపోతుంది. తర్వాత బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పట్టిన పొడి వేడినీళ్లతో కడగండి. ఆ తర్వాత డాష్‌బోర్డులో బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు. తాళం తిప్పగానే వెలగాలి, స్టార్ట్ అవగానే ఆరిపోవాలి. మా బండిలో అసలు వెలిగేదే కాదు. వెలగట్లేదు కాబట్టి అంతా బాగుందని నేను ఏళ్ల తరబడి అనుకున్నాను, తీరా చూస్తే బల్బే మాడిపోయి ఉంది! చాలా బండ్లలో డైనమో మేల్కొనడానికి కావలసిన మొదటి చిన్న కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. పది ఇరవై రూపాయల బల్బు పోతే డైనమో నిద్రపోయినట్టే ఉండవచ్చు. నా అదృష్టం అంత బాగాలేదు, బల్బు వేశాక కూడా 12.1 దగ్గరే ఉంది.

ఇక ఏది కొనాలి? ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే వీధులు దాటి లోపలికి వెళ్తే సెల్ఫ్ మోటార్లు, డైనమోలు మాత్రమే చేసే చిన్న షాపులు ఉంటాయి. నేను అలాంటి ఒక బాబాయ్ దగ్గర స్టూలు మీద కూర్చుని సగం రోజు చూశాను. ఆయన మా డైనమో విప్పి బల్ల మీద పరిచాడు. రోటర్‌కి, అంటే లోపల తిరిగే భాగానికి, కరెంటు అందించే కార్బన్లు రెండూ పెసర గింజంత మిగిలాయి. రోటర్ మీద రాగి రింగులు గాడి పడ్డాయి. రెండు రింగులకీ మీటరు పెట్టి ఓమ్స్ చూపించమన్నాను. 3 దగ్గర వచ్చింది, అంటే వైండింగ్ బాగుంది. రింగుకీ ఇనుప బాడీకీ మధ్య పెడితే ఏమీ చూపించకూడదు, చూపించలేదు. లోపల రాగి తీగ మీద వార్నిష్ తేనెరంగులోనే ఉంది. నల్లగా మాడి, కాలిన వాసన వస్తుంటే ఇక ఆ డైనమో మీద డబ్బు పెట్టకూడదట.

ఇలా తీగ బాగుండి కార్బన్లు, బేరింగులు, కటౌట్, డయోడ్ ప్లేటు మాత్రమే పోయినవైతే మీ సొంత డైనమోనే బాగుచేయించుకోవడం నా లెక్కలో అన్నిటికంటే మంచి బేరం. అది మీ బండితో పుట్టింది, బోల్టులతో బిగించే చెవులు కుదురుతాయో లేదో అన్న అనుమానమే ఉండదు. ఇదంతా తెలిసి కూడా నేను కొత్తది కొన్నాను. ఎందుకంటే గాడి పడిన రింగులు మార్చి తెచ్చేవారు దొరకలేదు, మళ్లీ ఒక రాత్రి టోల్‌గేటు దగ్గర ఆ టెన్షన్ పడే ఓపిక నాకు లేదు.

కొత్తదానిలో లూకాస్ టీవీఎస్, బాష్, డెన్సో లాంటి పేరున్నవి బిల్లుతో, వారంటీ కార్డుతో తీసుకోండి. అట్టపెట్టె చూసి నమ్మొద్దు. పాత డైనమో చేతిలో పట్టుకుని వెళ్లి కౌంటరు మీద రెండూ పక్కపక్కన పెట్టించండి. బిగించే చెవుల మధ్య దూరం, బోల్టు రంధ్రం లావు, ప్లగ్గులో పిన్నులు ఎన్ని, ఎటు తిరిగి ఉన్నాయి, అన్నీ కలవాలి. ముఖ్యంగా పుల్లీ చూడండి. ఒంటి గాడి వీ బెల్టుదా, సన్నగీతల బెల్టుదా, గీతలైతే ఎన్ని? నాకు మొదట ఇచ్చిన షాపులో "800దే మేడమ్, కళ్లు మూసుకుని బిగించుకోండి" అన్నారు. కళ్లు తెరిచి చూస్తే పుల్లీ ఒక వేలు వెడల్పు పక్కకి ఉంది. బెల్టు వంకరగా పోయి నెల తిరక్కుండానే నమిలేసుకునేది.

తర్వాత ఆంపియర్లు. పాత డైనమో మీద స్టిక్కరో ముద్రో ఉంటుంది, అంతే ఉన్నది లేదా కొంచెం ఎక్కువది చాలు. ఒకసారి లెక్క వేసి చూడండి. రెండు హెడ్‌లైట్లు 55 వాట్ల చొప్పున 110, అంటే ఎనిమిది తొమ్మిది ఆంపియర్లు. బ్లోయరు ఫుల్లు మీద ఇంకో పది. రేడియేటర్ ఫ్యాను దాదాపు అంతే. వైపర్లు, ఇంజిన్ సొంత వాడకం, ఏసీ క్లచ్ కలిపితే వానరాత్రి ఏసీ వేసుకుని బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడ్డ బండికి 40 దాటుతుంది. స్టిక్కర్ మీద రాసిన ఆంపియర్లు ఇంజిన్ గట్టిగా తిరుగుతున్నప్పటివి, ఐడిల్‌లో అంత రాదు. అందుకని ఏసీ లేని మోడల్ డైనమో చవకగా వస్తోంది కదా అని ఏసీ బండికి వేయకండి. అలాగని రెట్టింపు ఆంపియర్లది తెచ్చి పాత సన్న వైరుకే తగిలించడం కూడా ప్రమాదమే, వైరు వేడెక్కుతుంది.

సెకండ్స్, అంటే వాడిన డైనమోల గురించి ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని బండ్లు మునిగాయో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. అప్పటినుంచి సెకండ్స్ డైనమో చేతికిస్తే నేను ముందు గాలి రంధ్రాల్లోకి టార్చి వేస్తాను. లోపల ఎండిన ఒండ్రు, అల్యూమినియం మీద తెల్లటి పొక్కులు కనిపిస్తే వెనక్కి ఇచ్చేస్తాను. ఎవరైనా పైకి రంగు వేసి మెరిపించగలరు, లోపల మట్టి మాత్రం దాగదు. పుల్లీని చేత్తో తిప్పితే గరగర లేకుండా తిరగాలి, పక్కకి ఊపితే ఊగకూడదు. బెంచి మీద పెట్టి లోడు వేసి మీటరు చూపించని చోట కొనవద్దు.

బిగించడం దగ్గరికి వద్దాం. నిజానికి ఇది కొనడమంత కష్టం కాదు. నా బండికి 10, 12, 14 నంబర్ పానాలు, ఒక పొడుగు స్క్రూడ్రైవర్ సరిపోయాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. పాత బెల్టుకి పగుళ్లుంటే కొత్త బెల్టు ముందే తెచ్చి పెట్టుకోండి, మళ్లీ ఇదంతా ఎవరు విప్పుతారు?

మొట్టమొదట చేతి గాజులు, ఉంగరం తీసి పక్కన పెట్టండి. ఇది ఆడవాళ్లకే చెప్పడం కాదు, బ్రేస్‌లెట్లు వేసుకునే మగవాళ్లకి కూడా. తర్వాత బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి, అటూ ఇటూ జారకుండా గుడ్డ చుట్టి దూరంగా ఉంచండి. డైనమో వెనక రబ్బరు టోపీ కింద ఒక లావు వైరు ఉంటుంది, దాన్ని బీ ప్లస్ అంటారు. తాళం తీసేసినా అది బ్యాటరీతో నేరుగా కలిసే ఉంటుంది. నెగెటివ్ విప్పకుండా పానా వేస్తే, పానా రెండో కొస బాడీకి తగిలిన క్షణం నిప్పురవ్వలే. మధ్యలో బంగారు గాజు ఉంటే అది చర్మం మీదే ఎర్రగా కాలుతుంది.

వైర్లు ఉన్నవి ఉన్నట్టు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ప్లగ్గుని వైరు పట్టుకుని లాగకుండా దాని క్లిప్పు నాలుక నొక్కి తీయండి, ఇరవై ఏళ్ల ప్లాస్టిక్ అప్పడంలా విరుగుతుంది. బీ ప్లస్ నట్టు విప్పండి. పైన గాడి ఉన్న పట్టీలో బెల్టు బిగువు చేసే బోల్టు, కింద ఇరుసు బోల్టు, రెండూ వదులు చేసి డైనమోని ఇంజిన్ వైపు నెడితే బెల్టు జారి వస్తుంది. చివరి బోల్టు తీసేటప్పుడు ఒక చెయ్యి కింద పెట్టండి, మూడు నాలుగు కిలోల బరువు కాలి మీద పడితే వారం రోజులు కుంటాలి.

కొత్తది పెట్టే ముందు అది కూర్చునే బ్రాకెట్ని ఎమరీ పేపర్‌తో రుద్ది ఇనుము మెరిసేలా చేయండి. డైనమోకి ఎర్త్ దాని ఒంటినుంచే అందుతుంది. అక్కడ తుప్పు, రంగు ఉంటే కొత్త డైనమో కూడా అర్ధాకలితో పనిచేస్తుంది. ముందు కింది బోల్టు వదులుగా, తర్వాత పైది, తర్వాత బెల్టు. స్క్రూడ్రైవర్‌ని మీటలా వేసి డైనమోని బయటికి లాగుతూ పై బోల్టు బిగించండి. మీటని దాని లావు చెవి దగ్గర ఆనించాలి. పల్చటి రెక్కల మీద ఆనిస్తే అల్యూమినియం పగులుతుంది. బెల్టు పొడవాటి భాగం మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరు లోపు దిగాలి. ఇంకా వదులైతే కీచుమంటుంది. మరీ బిగిస్తే కొత్త బేరింగు, నీళ్ల పంపు బేరింగు రెండూ తొందరగా పోతాయి. మా నాన్న ఏదైనా బిగిస్తే నరం తెగేలా బిగించేవారు, ఆ అలవాటు నాకూ వచ్చింది. ఈ ఒక్కచోట దాన్ని అణుచుకున్నాను.

బీ ప్లస్ నట్టు మాత్రం వదులు ఉండకూడదు, కానీ మర చితికిపోయేంత బిగువూ వద్దు. రబ్బరు టోపీ వేయడం మర్చిపోకండి. ప్లగ్గు క్లిక్‌మన్నాకే బ్యాటరీ నెగెటివ్, అది ఎప్పుడూ ఆఖరు.

పూర్తిగా పడుకున్న బ్యాటరీని నింపే పని కొత్త డైనమో మీద వేయకండి. దాన్ని రాత్రంతా ఛార్జరు మీద పెట్టించి తెచ్చాకే స్టార్ట్ చేశాను. తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలిగింది, స్టార్ట్ అవగానే ఆరింది. మీటరు 14.2 చూపించింది. హెడ్‌లైట్లు, బ్లోయరు, వైపర్లు అన్నీ వేసి ఎక్సలేటర్ కొంచెం తొక్కి ఉంచితే 13.6. అదే లోడులో మీటరు ఎర్ర కొస డైనమో బీ ప్లస్‌కి, నల్ల కొస బ్యాటరీ పాజిటివ్‌కి పెట్టి చూడండి. అర వోల్టు దాకా వస్తోందంటే మధ్య వైరులోనో నట్టులోనో కరెంటు తినేస్తోంది. నాకు 0.2 వచ్చింది.

కొత్త బెల్టు సాగుతుంది. బందరు రోడ్డు మీద కాలేజీకి వారం తిరిగేసరికి పొద్దున్నే స్టార్ట్ చేయగానే సన్నగా కీచుమనడం మొదలైంది. ఆదివారం గాజులు తీసి, నెగెటివ్ విప్పి, పై బోల్టు వదులు చేసి ఇంకో అరవేలు లాగి బిగించాను.