వెరాక్రిప్ట్ బ్యాకప్ తెరిస్తే పాత ఫైళ్లే వస్తున్నాయా?

వెరాక్రిప్ట్ అంటే ఫైళ్లను పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి దాచే ప్రోగ్రామ్, అవన్నీ దాచే ఒక్క పెద్ద ఫైలే కంటైనర్. ఆ కంటైనర్ లాప్‌టాప్‌లో ఉంది. అందులో ఆధార్, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, ఐటీ రిటర్నులు. బ్యాకప్ టూల్ దాన్ని రోజూ ఎక్స్‌టర్నల్ డిస్కుకో క్లౌడ్ ఫోల్డర్‌కో పంపుతోంది, ఎర్రర్ ఒక్కటీ లేదు. తీరా అవసరమై ఆ కాపీని తెరిస్తే పాస్‌వర్డ్ తీసుకుంటుంది గానీ లోపల ఎప్పుడో పాత సరుకే. వెరాక్రిప్ట్ ఫైళ్లు తినేసిందని గోల మొదలుపెడతారు. తినలేదు.

ముందు డిస్‌మౌంట్ చేశారా? అంటే పాస్‌వర్డ్ కొట్టి తెరిచిన (మౌంట్ చేసిన) కంటైనర్‌ని మళ్లీ మూసేయడం, కొత్త వెర్షన్లలో దాని పేరు అన్‌మౌంట్. అడిగితే అందరూ చేశామనే అంటారు. లాప్‌టాప్ మూత వేస్తే డిస్‌మౌంట్ చేసినట్టు కాదండీ. మౌంట్ అయి ఉన్నంతసేపు విండోస్‌లో కంటైనర్ ఫైల్ మామూలుగా లాక్ అయి ఉంటుంది, టూల్ దాన్ని వదిలేసి పోతుంది. లాగ్‌లో ‘ఫైల్ ఇన్ యూజ్’ అని కనిపిస్తే మీ జబ్బు ఇదే, మిగతాది చదవక్కర్లేదు.

డిస్‌మౌంట్ చేసినా అదే కథ అయితే ఒక పరీక్ష. కంటైనర్‌లో చిన్న టెక్స్ట్ ఫైల్ వేయండి, డిస్‌మౌంట్ చేయండి, బయటికొచ్చి కంటైనర్ ఫైల్ ప్రాపర్టీస్‌లో ‘మోడిఫైడ్’ తేదీ చూడండి. ఈరోజు తేదీ ఉండాలి కదా? పాత తేదీయే ఉందంటే దొంగ దొరికాడు.

వెరాక్రిప్ట్ కావాలనే ఇలా చేస్తుంది. కంటైనర్‌ని చివరిసారి ఎప్పుడు వాడారో బయటివాళ్లకు తెలియకూడదని, మౌంట్ చేసి మార్పులు చేసినా పాత తేదీనే తిరిగి పెట్టేస్తుంది. సైజు ఎలాగూ మారదు: 5 జీబీ కంటైనర్‌లో ఒక ఫైల్ ఉన్నా వంద ఉన్నా 5 జీబీయే. రోబోకాపీ, ఆర్‌సింక్ లాంటి కాపీ టూల్స్ మామూలుగా సైజు, తేదీ రెండే పోల్చి చూస్తాయి. రెండూ కలిశాయి కాబట్టి ఫైల్ మారలేదనుకుని దాటేస్తాయి. వాటి లెక్కలో తప్పేం లేదు, అందుకే ఎర్రర్ కూడా రాదు.

సెట్టింగ్స్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరిచి, ‘ప్రిజర్వ్ మోడిఫికేషన్ టైమ్‌స్టాంప్ ఆఫ్ ఫైల్ కంటైనర్స్’ పక్కన టిక్ తీసేయండి. ఈ సెట్టింగ్ కంటైనర్‌తో పాటు రాదు, కాబట్టి ఆఫీసు కంప్యూటర్‌లోనూ తెరిచేవాళ్లు అక్కడా తీయాలి. తర్వాత ఒక్కసారి చేత్తో కాపీ చేయండి. పాత కాపీ పేరు మార్చి ఉంచండి, కొత్తది తెరుచుకుందని చూసుకున్నాకే చెరపండి. తేదీ దాచడమే మీకు ముఖ్యమైతే టిక్ అలాగే ఉంచి, ఆర్‌సింక్‌కి చెక్‌సమ్ ఆప్షన్ (తేదీ కాకుండా ఫైల్ లోపలి డేటానే పోల్చేది) ఇవ్వండి. నిదానంగా నడుస్తుంది, తప్పదు.

ఇక తేదీ మారడం మొదలయ్యాక కొన్ని క్లౌడ్ సర్వీసులు చిన్న మార్పుకీ కంటైనర్ మొత్తాన్నీ మళ్లీ ఎక్కిస్తాయి. డేటా ప్యాక్ గురించి టెన్షన్ ఉంటే క్లౌడ్ వరకు క్రిప్టోమేటర్ వాడండి. అదీ ఓపెన్ సోర్సే, ఏ ఫైల్‌కి ఆ ఫైల్‌ని విడిగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది.

రెండు కంప్యూటర్లలో ఒకేసారి మౌంట్ చేసి ఉంటే ‘కాన్‌ఫ్లిక్ట్’ అనే పేరుతో ఇంకో కాపీ పడి ఉండొచ్చు, ఫోల్డర్‌లో వెతకండి. హిడెన్ వాల్యూమ్ (కంటైనర్ లోపలే వేరే పాస్‌వర్డ్‌తో తెరుచుకునే రహస్య భాగం) ఉన్నవాళ్లు ఏ పాస్‌వర్డ్ కొట్టారో చూసుకోండి. ఉందో లేదో నాకు చెప్పక్కర్లేదు.