స్లీప్ అప్నియా చికిత్సను బీపీ, గుండె దృష్టితో ఎంచుకోవడం ఎలా

గురక గట్టిగా వినిపిస్తే మనిషి ఆదమరిచి నిద్రపోతున్నాడని మన ఇళ్లలో అనుకుంటారు. కానీ అది నిద్రలో పదేపదే ఊపిరి ఆగిపోయే స్లీప్ అప్నియా లక్షణం కావచ్చు. ఈ సమస్య ఉన్నవారిలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోయినప్పుడల్లా రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, శరీరం అడ్రినలిన్ విడుదల చేసి మెదడును తట్టిలేపుతుంది, ఆ క్షణంలో రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. మామూలుగా నిద్రలో పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గవలసిన బీపీ వీరిలో చాలామందికి తగ్గదు. కాబట్టి మూడు రకాల మాత్రలు వాడుతున్నా బీపీ అదుపులోకి రానివారు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉన్నవారు తమ గురక సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. వెంట ఇంట్లోవారిని తీసుకువెళ్లాలి, ఎందుకంటే ఊపిరి ఆగడం కళ్లారా చూసేది వారే.

ముందు స్లీప్ స్టడీ, అంటే నిద్రలో శ్వాసను, ఆక్సిజన్‌ను నమోదు చేసే పరీక్ష, చేయించుకోవాలి. హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రుల పల్మనాలజీ (ఊపిరితిత్తుల) విభాగాల్లో అడిగితే ఈ పరీక్ష గురించి చెబుతారు. కొందరికి ఇంట్లోనే చేయవచ్చు. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, మందగించిందో రిపోర్టులో ఉంటుంది: 5 నుంచి 15 వరకు స్వల్పం, 30 దాటితే తీవ్రం.

మధ్యస్థ, తీవ్ర స్థాయిల్లో సాధారణంగా మొదట సూచించేది సీప్యాప్ యంత్రం; ఇది మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి శ్వాసమార్గం మూసుకుపోకుండా చూస్తుంది. దీనివల్ల బీపీ సగటున 2 నుంచి 3 పాయింట్లు తగ్గుతుంది, మాత్రలకు లొంగని బీపీ ఉన్నవారికి కొంత ఎక్కువ మేలు కనిపిస్తుంది. అయితే 2016లో వెలువడిన సేవ్ అధ్యయనంలో, అప్పటికే గుండెజబ్బు లేదా పక్షవాతం ఉన్న 2,717 మందిలో సీప్యాప్ వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. అందులో యంత్రం వాడినవారు రాత్రికి సగటున 3.3 గంటలే వాడారన్న విషయాన్ని నేను చాలా ముఖ్యమైనదిగా భావిస్తాను. కలలు వచ్చే నిద్ర ఎక్కువగా రాత్రి రెండో సగంలో ఉంటుంది, చాలామందికి ఊపిరి ఎక్కువసేపు ఆగేది కూడా అప్పుడే. అర్ధరాత్రి దాటాక రెండింటికే మాస్కు తీసేస్తే తెల్లవారుజామున గుండెకు రక్షణ ఉండదు.

మా నాన్నగారు మొదటి పది రోజులు అర్ధరాత్రికే మాస్కు తీసేసేవారు. ముక్కు ఎండిపోవడమే కారణమని తెలిసి, యంత్రం పంపే గాలికి తేమనిచ్చే నీళ్ల భాగమైన హ్యూమిడిఫయర్‌లో తేమ పెంచాక తెల్లవారేదాకా ఉంచుకోగలిగారు. అందులో బోరునీళ్లు పోయకుండా డిస్టిల్డ్ వాటర్ వాడండి, దుమ్ము పట్టే ఫిల్టరును తరచూ చూడండి, కరెంటు పోతే పనికివచ్చేలా యంత్రాన్ని ఇన్వర్టరుకు కలపండి. కొనేముందు కొన్నాళ్లు అద్దెకు తెచ్చుకుని, ముఖానికి సరిపోయే మాస్కు ఏదో తేల్చుకోవడం మేలు.

యంత్రం ఎంతకీ పడనివారికి, స్వల్ప లేదా మధ్యస్థ స్థాయి ఉంటే, కింది దవడను ముందుకు నిలిపే పరికరాన్ని దంతవైద్యుడు తయారుచేయించి ఇస్తారు. ఇది ఊపిరి ఆగడాన్ని సీప్యాప్ అంతగా తగ్గించకపోయినా, రాత్రంతా పెట్టుకోగలిగేవారు ఎక్కువ కాబట్టి, బీపీలో వచ్చే తగ్గుదల దాదాపు సమానంగానే ఉంటుంది.

ఊబకాయం ఉన్నవారు ఏ పరికరం వాడినా బరువు తగ్గించుకోవాలి, బీపీ విషయంలో దీని ప్రభావం యంత్రం కంటే ఎక్కువ. ఊబకాయంతో పాటు అప్నియా ఉన్నవారికి బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను అమెరికా 2024 డిసెంబరులో అనుమతించింది; అది మీకు తగునో లేదో వైద్యుడే చెప్పాలి. రాత్రి మద్యం మానాలి, నిద్రమాత్రలు సొంతంగా వేసుకోకూడదు, పక్కకు తిరిగి పడుకోవాలి, ఊరగాయల్లో ఉప్పు తగ్గించాలి.

గుండె పంపింగ్ బలహీనంగా ఉన్నవారు ఒక జాగ్రత్త పాటించాలి. మెదడు నుంచి సంకేతం అందక ఊపిరి ఆగే సెంట్రల్ రకం అప్నియాతో పాటు గుండె పంపింగ్ (ఎకో రిపోర్టులో ఎజెక్షన్ ఫ్రాక్షన్ అని ఉంటుంది) 45 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉన్నవారిలో, శ్వాసను బట్టి గాలి ఒత్తిడిని తానే మార్చుకునే ఏఎస్‌వీ అనే యంత్రం గుండెజబ్బు మరణాలను పెంచిందని 2015లో తేలింది. అందువల్ల యంత్రం ఎంచుకునే ముందు ఎకో (గుండె స్కాన్) రిపోర్టు చూపించండి.

చికిత్సకు ముందు ఒక వారం, మూడు నెలల తర్వాత ఒక వారం, ఉదయం మాత్ర వేసుకోకముందు, మళ్లీ సాయంత్రం బీపీ కొలిచి రాసుకోండి. వీలైతే 24 గంటల బీపీ పరీక్ష కూడా చేయించండి, రాత్రి బీపీ తెలిసేది దానితోనే. అంకెలు బాగున్నాయని మాత్రలు సొంతంగా ఆపకూడదు. యంత్రం రిపోర్టును పల్మనాలజిస్టు, బీపీ చీటీని కార్డియాలజిస్టు వేర్వేరుగా చూస్తుంటారు కనుక, రెండు కాగితాలనూ ఒకే ఫైలులో పెట్టి ఇద్దరికీ చూపించండి.